గడ్డలో అమిలాయిడ్: నిర్ధారణకు ఎన్ని రుజువులు కావాలి?

చర్మం కింది కొవ్వులోనో, తొడ కండరంలోనో, కడుపు వెనుక భాగంలోనో నెమ్మదిగా పెరిగిన గట్టి గడ్డను కేన్సర్ కావచ్చన్న అనుమానంతో తీసి పరీక్షకు పంపుతారు. ముక్క పరీక్షలో కేన్సర్ కణాలు కనిపించవు. గులాబీ రంగులో, ఒక ఆకృతంటూ లేని పదార్థం కుప్పలు కుప్పలుగా కనిపిస్తుంది. కాంగో రెడ్ అద్దకం వేస్తే అది అమిలాయిడ్, అంటే పోగులుగా మారి పేరుకున్న ప్రోటీన్, అని తేలుతుంది. ఇలాంటి గడ్డను వైద్య సాహిత్యంలో అమిలాయిడోమా అంటారు. ఇది చాలా అరుదు. మృదు కణజాలంలోని అమిలాయిడోమాల గురించి 1993లో అమెరికాలో వెలువడిన, ఆ తరువాత పరిశోధకులు తరచుగా ఉదహరిస్తూ వచ్చిన వ్యాసంలో ఉన్నవి 14 కేసులు మాత్రమే.

"అమిలాయిడ్ ఉంది" అన్న నివేదిక చేతికి రాగానే నిర్ధారణ పూర్తయినట్లేనా అన్నది ఇక్కడ పరిశీలనాంశం. అందుబాటులో ఉన్న ఆధారాలను బట్టి చూస్తే పూర్తి కాలేదనే చెప్పవలసి వస్తుంది. విడివిడిగా తేల్చవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. ఆ పదార్థం నిజంగా అమిలాయిడేనా? అయితే ఏ ప్రోటీన్ నుంచి ఏర్పడింది? అది ఆ ఒక్కచోటికే పరిమితమా, లేక గుండెకూ మూత్రపిండాలకూ పాకిన వ్యాధి మొదట ఇక్కడ బయటపడిందా? మొదటి ప్రశ్నకు దొరికిన సాక్ష్యాన్ని మిగిలిన రెండింటికీ వర్తింపజేయడం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నట్లు కనిపిస్తుంది. వాటి ఫలితం రోగి మీద పడుతుంది. అక్కరలేని కీమోథెరపీ ఒక వైపు, అవసరమైన చికిత్స ఆలస్యం కావడం మరొక వైపు.

1. రంగు ఇచ్చే సాక్ష్యం

అమిలాయిడ్ చరిత్రలో మొదటి పాఠం 1854 నాటిది. జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్షో నాడీ కణజాలంలోని సూక్ష్మమైన గుండ్రటి రేణువులపై అయోడిన్‌నూ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నీ ప్రయోగించి, పిండి పదార్థం చూపే రంగును పోలిన రంగును గమనించాడు. అది పిండికి లేదా సెల్యులోజ్‌కు దగ్గరి పదార్థమని భావించాడు. అయిదేళ్లకే, 1859లో, ఫ్రీడ్రైక్, కెకూలే అనే ఇద్దరు రసాయనిక విశ్లేషణ జరిపి, అమిలాయిడ్ పేరుకున్న కణజాలంలో ఉన్నది నత్రజని కలిగిన ప్రోటీన్ పదార్థమని చూపారు. అయితే విర్షో పూర్తిగా పొరబడ్డాడని తీర్పు చెప్పడం కూడా తొందరపాటే కావచ్చు. అమిలాయిడ్ నిక్షేపాల్లో హెపరాన్ సల్ఫేట్ వంటి చక్కెర శృంఖలాలు కలిసి ఉంటాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి. ఏదేమైనా, రంగు మారినంత మాత్రాన పదార్థం ఏమిటో తెలిసిపోదన్న విషయం మాత్రం అప్పుడే స్థిరపడింది.

నేడు ప్రామాణికంగా భావించే కాంగో రెడ్ ఆరంభంలో బట్టల అద్దకానికి తయారైన కృత్రిమ రంగు. అమిలాయిడ్‌ను అది పట్టుకుంటుందని 1922లో బెన్‌హోల్డ్ నివేదించాడు. కాంగో రెడ్ అద్దిన అమిలాయిడ్‌ను ధ్రువిత కాంతిలో చూస్తే ప్రత్యేకమైన వెలుగు కనిపిస్తుందని 1927లో బెల్జియం పరిశోధకులు డివ్రీ, ఫ్లోర్కిన్ గుర్తించారు. ఆ వెలుగును ఆకుపచ్చ ఆపిల్ రంగుతో పోల్చడం పాఠ్యపుస్తకాల్లో తరతరాలుగా వస్తున్న ఆనవాయితీ.

ఆ వర్ణన ఎంతవరకు కచ్చితమైనది? 2008లో హౌవీ, బ్రూయర్‌లతో కూడిన బ్రిటిష్ బృందం ఈ ప్రశ్నను భౌతికశాస్త్ర దృష్టితో పరిశీలించింది. సూక్ష్మదర్శినిలోని రెండు ధ్రువణ ఫలకాల కోణం ఏ కొంచెం మారినా, కటకాలలో స్వల్పమైన ఒత్తిడి ఉన్నా, ఆకుపచ్చతోపాటు పసుపు, నీలం, నారింజ ఛాయలు కూడా కనిపించవచ్చనీ, శుద్ధమైన ఆకుపచ్చ ఒక్కటే కనిపించడం నిజానికి తక్కువనీ ఆ బృందం వాదించింది. ఆకుపచ్చ కోసం మాత్రమే వెదికే పరీక్షకుడు పసుపు-నీలం జంటను చూసి "లేదు" అని రాసే ప్రమాదం ఉందన్నమాట. ఈ వాదన వెలువడి ఏళ్లు గడిచినా ఆపిల్ పోలిక నివేదికల్లోంచి పోలేదు. దాన్ని పూర్తిగా వదలుకోవాలని కాకపోయినా, ఆ ఒక్క రంగునే గీటురాయిగా పెట్టుకోవడం సమంజసంగా తోచదు.

ప్రయోగశాల స్థాయిలో పొరపాటు రెండు వైపులా జరగవచ్చు. ముక్కను మరీ పలచగా కోస్తే, కొద్దిపాటి అమిలాయిడ్ ఉన్నా రంగు పట్టనట్లు కనిపిస్తుంది. అందుకే 8 నుంచి 10 మైక్రాన్ల మందంతో కోయాలని సాధారణంగా సూచిస్తారు. దీనికి భిన్నంగా, దట్టమైన కొల్లాజెన్ పోగులు ధ్రువిత కాంతిలో తెల్లగా మెరిసి, అనుభవం తక్కువైన కంటికి అమిలాయిడ్‌లా తోస్తాయి. మృదు కణజాలంలో కొల్లాజెన్‌కు కొదవ లేదు కనుక ఈ రెండో పొరపాటుకు ఇక్కడ అవకాశం ఎక్కువ. అమిలాయిడ్ ఉందని ముందే తెలిసిన మరో ముక్కను పక్కన పెట్టి, ఒకే రోజు, ఒకే ద్రావణంలో రెండింటికీ అద్దకం వేయడం చవకైన రక్షణ. సూదితో తీసిన నమూనాలో ఫైబ్రిన్, పాత రక్తస్రావపు అవశేషాలు, కీళ్లవాతపు బుడిపెల్లోని నిర్జీవ పదార్థం కూడా తికమక పెట్టవచ్చు.

సందేహం తీరనప్పుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తోడ్పడుతుంది. అమిలాయిడ్ సన్నని, కొమ్మలు లేని పోగుల సముదాయమని 1959లో కోహెన్, కాల్కిన్స్ చూపారు. ఆ పోగుల మందం సుమారు 7 నుంచి 10 నానోమీటర్లు. వాటిలో ప్రోటీన్ శృంఖలాలు పోగు పొడవుకు అడ్డంగా పేర్చినట్లు ఉంటాయని 1968లో ఈన్స్, గ్లెన్నర్ ఎక్స్-రే వివర్తనం ద్వారా నిర్ధారించారు. పుట్టిన ప్రోటీన్ ఏదైనా పోగుల అమరిక ఇంచుమించు ఒక్కటే. కాంగో రెడ్ అన్ని రకాలనూ పట్టుకోవడానికీ, ఏ రకమో చెప్పలేకపోవడానికీ కారణం ఇదే.

2. ఏ ప్రోటీన్?

1971లో గ్లెన్నర్ బృందం ఒక రకం అమిలాయిడ్‌లోని ప్రోటీన్ ఇమ్యునోగ్లోబులిన్ లైట్ చైన్ అని, అంటే ప్లాస్మా కణాలు తయారుచేసే ప్రతిరక్షక అణువులోని చిన్న శృంఖలమని తేల్చింది. దీన్ని ఏఎల్ రకం అంటారు. ఆ తరువాత జాబితా పెరుగుతూ వచ్చింది. అంతర్జాతీయ అమిలాయిడోసిస్ సంఘపు నామకరణ సమితి 2022లో ప్రకటించిన పట్టికలో మనిషిలో అమిలాయిడ్‌గా మారే ప్రోటీన్లు 42 ఉన్నాయి. మృదు కణజాలపు గడ్డల్లో కనిపించేది ఎక్కువగా ఏఎల్ రకమేనన్న అభిప్రాయం నిలదొక్కుకున్నదే. కానీ "ఎక్కువగా" అన్న మాట ఒక ప్రత్యేక రోగి విషయంలో రుజువు కాజాలదు.

ఈ హెచ్చరికకు బలమైన ఆధారం లండన్‌లోని జాతీయ అమిలాయిడోసిస్ కేంద్రం 2002లో వెలువరించిన అధ్యయనం. ఏఎల్ రకం వ్యాధి ఉన్నట్లు అనుమానించిన 350 మందిని జన్యు పరీక్షతో తిరిగి పరిశీలించగా, 34 మందిలో, అంటే దాదాపు 10 శాతం మందిలో, అసలు కారణం వంశపారంపర్య రకమని తేలింది. వీరు దేహమంతటా వ్యాధి ఉన్నవారే కానీ గడ్డలున్నవారు కారు. కనుక ఆ 10 శాతాన్ని ఉన్నదున్నట్లుగా అమిలాయిడోమాలకు వర్తింపజేయకూడదు. ఊహించిన రకానికీ రుజువైన రకానికీ మధ్య ఎంత దూరం ఉండవచ్చో మాత్రం అది చూపుతుంది.

రకాన్ని తేల్చే పద్ధతుల్లో ప్రతిరక్షక అద్దకం పాతది, అందుబాటులో ఉన్నది. దాని బలహీనత రక్తంలోని ప్రోటీన్లు నిక్షేపంలోకి ఇంకి అన్ని అద్దకాలకూ కొద్దికొద్దిగా స్పందించడం. పైగా, ముడతలు పడి పోగులైన లైట్ చైన్‌ను మార్కెట్‌లో దొరికే ప్రతిరక్షకాలు ప్రతిసారీ గుర్తించలేవు. 2009లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం వేరొక మార్గాన్ని ప్రచురించింది. కాంగో రెడ్ పట్టిన భాగాన్ని మాత్రమే లేజర్‌తో కత్తిరించి, మాస్ స్పెక్ట్రోమెట్రీతో అందులోని ప్రోటీన్లను లెక్కగట్టారు. రకం ముందే తెలిసిన 50 నమూనాలన్నింటిలోనూ, విడిగా సరిచూసిన 41 నమూనాలలో 98 శాతంలోనూ ఫలితం సరిపోయింది. ఈ పద్ధతికి మరో ప్రయోజనం ఉంది. ఏ రకం అమిలాయిడ్‌లోనైనా తోడుగా చేరే సీరమ్ అమిలాయిడ్ పి, అపోలైపోప్రోటీన్ ఈ వంటివి కూడా ఫలితంలో కనబడతాయి. అవి లేకపోతే, అద్దకం అమిలాయిడ్ అన్నా మళ్లీ ఆలోచించుకోవలసిందే.

గడ్డగా కాకుండా కీళ్ల చుట్టూ, స్నాయువుల్లో పేరుకునే అమిలాయిడ్ విషయం కొంత వేరు. ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవారి మణికట్టులో, భుజంలో పేరుకునేది బీటా-2 మైక్రోగ్లోబులిన్ అని 1985లో జపాన్‌లో గుర్తించారు. మణికట్టు నరం నొక్కుకుపోయి శస్త్రచికిత్స చేయించుకున్న 98 మంది నుంచి తీసిన ముక్కలను పరీక్షించిన 2018 నాటి అమెరికన్ అధ్యయనంలో 10 మందిలో అమిలాయిడ్ కనిపించింది. వారిలో ఏడుగురిలో ట్రాన్స్‌థైరెటిన్, ఇద్దరిలో లైట్ చైన్ తేలగా, ఒకరి రకం తేలలేదు. ఆ పది మందిలో కొందరికి గుండెలో కూడా వ్యాధి ఉన్నట్లు తరువాతి పరీక్షల్లో బయటపడింది. మణికట్టులో దొరికింది కదా అని అది "స్థానికం" అనుకోవడానికి వీల్లేదని ఈ ఒక్క అధ్యయనమే చెబుతోంది.

3. ఒక్కచోటేనా?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. స్థానిక రకం దేహమంతటికీ పాకుతుందా అన్న ప్రశ్నకు ప్రచురితమైన అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు.

చర్మంలో బుడిపెల రూపంలో వచ్చే ఏఎల్ రకాన్ని తీసుకుందాం. 1970లో బ్రౌన్‌స్టీన్, హెల్విగ్ వెలువరించిన వ్యాసం ఆధారంగా, ఇలాంటివారిలో సుమారు సగం మందికి వ్యాధి దేహమంతటా వ్యాపిస్తుందన్న మాట మూడు దశాబ్దాలపాటు పుస్తకాల్లో నిలిచింది. 2001లో బ్రిటన్‌లో వూలన్స్, బ్లాక్ తమ 15 మంది రోగులను దీర్ఘకాలం పరిశీలించి, అలా జరిగినది ఒక్కరిలోనే, అంటే సుమారు 7 శాతంలోనే అని నివేదించారు. సగం ఎక్కడ, 7 శాతం ఎక్కడ!

ఈ తేడాకు రెండు వివరణలు సాధ్యం. మొదటిది, 1970 నాటికి అమిలాయిడ్‌లోని ప్రోటీన్ లైట్ చైన్ అని ఇంకా తేలలేదు. దేహమంతటా అప్పటికే వ్యాధి ఉండి చర్మంలో బయటపడినవారినీ, నిజంగా చర్మానికే పరిమితమైనవారినీ విడదీయడం అప్పట్లో కష్టం. రెండోది, రెండు బృందాలూ చిన్నవే. ఒకరిద్దరు అటూ ఇటూ అయినా శాతం చాలా మారుతుంది. మొదటి వివరణకే ఎక్కువ బలం ఉన్నట్లు కనిపిస్తుంది, ఎందుకంటే తరువాత వచ్చిన పెద్ద అధ్యయనాలు తక్కువ అంకె వైపే మొగ్గాయి. 2015లో లండన్ కేంద్రం అన్ని అవయవాల స్థానిక ఏఎల్ రకం రోగులు 606 మంది వివరాలను ప్రచురించింది. వారిలో దేహమంతటికీ వ్యాధి పాకినవారు ఏడుగురు, అంటే దాదాపు 1 శాతం. 2017లో మేయో క్లినిక్ వెలువరించిన 413 మంది వివరాలలో అలాంటి పరిణామం నమోదు కాలేదు.

1 శాతానికీ సున్నాకూ మధ్య తేడా చిన్నదే అయినా దాన్ని ఉపేక్షించలేము. ఆ ఏడుగురిలో స్థానిక వ్యాధే పాకిందా, లేక మొదట్లో కంటికి ఆనని వ్యాపక వ్యాధి తరువాత బయటపడిందా అన్నది మొదటి పరీక్షలు ఎంత నిశితంగా జరిగాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది. గడ్డల విషయంలో మరో జాగ్రత్త కూడా అవసరం. పై అధ్యయనాలలో మూత్రాశయం, స్వరపేటిక, శ్వాసనాళాలు, చర్మం వంటి చోట్ల వ్యాధి ఉన్నవారే ఎక్కువ. లోతైన మృదు కణజాలపు గడ్డలు కొద్ది. 1993 నాటి 14 కేసుల్లో కొన్నింటికి ప్లాస్మా కణాల లేదా లింఫ్ కణాల వ్యాధితో సంబంధం కనిపించింది. అందుచేత 606 మందికి వర్తించిన భరోసాను తొడలోని గడ్డకు అదే స్థాయిలో వర్తింపజేయడం సాహసమే అవుతుంది.

స్థానిక రకం ఎందుకు స్థానికంగానే నిలుస్తుందో చెప్పే సాక్ష్యం ఆసక్తికరమైనది. నిక్షేపం పక్కనే ఉన్న ప్లాస్మా కణాల జన్యు వరుసా, నిక్షేపంలోని లైట్ చైన్ వరుసా సరిపోవడాన్ని 1999లో ఒక బృందం చూపింది. అంటే ఆ ప్రోటీన్ రక్తం ద్వారా వచ్చి చేరినది కాదు. అక్కడే తయారై అక్కడే పేరుకున్నది. స్వీడన్ శాస్త్రవేత్త పెర్ వెస్టర్‌మార్క్ 2012లో ఒక అడుగు ముందుకు వేసి, ఆ కణాలు తాము విడిచిన అమిలాయిడ్ చేతనే నశిస్తాయేమో అన్న ప్రతిపాదన చేశాడు. ఆ వ్యాసం శీర్షికలోనే ప్రశ్నార్థకం ఉంది. దాన్ని ప్రతిపాదనగానే స్వీకరించాలి. నిక్షేపం చుట్టూ పెద్ద బహుకేంద్రక కణాలు, సున్నం పేరుకోవడం, ఒకే రకం లైట్ చైన్ చేసే ప్లాస్మా కణాలు కనిపించడం స్థానిక రకానికి అనుకూలమైన చిహ్నాలు. అనుకూలమైనవే తప్ప నిర్ణాయకమైనవి కావు.

రక్తపరీక్షల సాక్ష్యాన్ని కూడా తూచి వాడాలి. లండన్ అధ్యయనంలో దాదాపు అయిదో వంతు మందికి రక్తంలో లేదా మూత్రంలో ఏకరూప ప్రతిరక్షక ప్రోటీన్ ఆనవాలు ఉంది. అయినా వారిలో ఎక్కువ మందికి వ్యాధి పాకలేదు. మరోవైపు, అమెరికాలోని ఓల్మ్‌స్టెడ్ కౌంటీలో 50 ఏళ్లు దాటిన సాధారణ ప్రజల్లోనే 3.2 శాతం మందికి ఇలాంటి ప్రోటీన్ ఉన్నట్లు 2006 నాటి అధ్యయనం చెబుతోంది. కనుక అది ఉందన్న కారణంగా గడ్డను వ్యాపక వ్యాధిలో భాగమని ముద్రవేయడమూ, లేదన్న కారణంగా నిశ్చింతగా ఉండడమూ రెండూ తొందరపాటే. సీరమ్, మూత్ర ఇమ్యునోఫిక్సేషన్, ఫ్రీ లైట్ చైన్ల నిష్పత్తి, గుండెకు సంబంధించిన ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ, మూత్రంలో ప్రోటీన్, ఎకోకార్డియోగ్రామ్, అవసరమైతే ఎముక మజ్జ పరీక్ష: వీటన్నిటినీ కలిపి చదివినప్పుడే "ఒక్కచోటే" అన్న మాటకు కొంత బలం వస్తుంది.

4. కడుపు మీది గడ్డ, ఇన్సులిన్ సూది

తెలుగునాట ఈ విషయానికి అన్నిటికన్నా దగ్గరి సందర్భం బహుశా ఇదే. 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో మధుమేహం ఉన్నవారు సుమారు 10.1 కోట్లని అంచనా వేసింది. వారిలో కొందరే ఇన్సులిన్ వాడుతున్నా, ఆ కొందరి సంఖ్యా చిన్నది కాదు. రోజూ కడుపు మీద ఒకే చోట సూది వేసుకునేవారిలో గడ్డ కడితే, "కొవ్వు గడ్డేలే" అనుకోవడం పరిపాటి. చాలాసార్లు అది నిజమే కావచ్చు కూడా.

ఇన్సులిన్ అణువు పోగులుగా మారగలదని ప్రయోగశాలలో 1940లలోనే వా అనే శాస్త్రవేత్త చూపాడు. ఆమ్లంలో వేడిచేస్తే అలా జరిగింది. మనిషి దేహంలో సూది వేసిన చోట ఇన్సులిన్ సంబంధిత అమిలాయిడ్ గురించి 1983లో జర్మన్ పరిశోధకులు రాశారు. 1988లో డిష్, సహచరులు ఒక మధుమేహ రోగి గడ్డలోని పోగులు ఇన్సులిన్‌వేనని ప్రోటీన్ విశ్లేషణతో చూపారు. తొలి కేసులు పంది ఇన్సులిన్ కాలానివి కావడంతో, మానవ ఇన్సులిన్ వచ్చాక ఈ సమస్య తగ్గిపోతుందని భావించేందుకు ఆస్కారం ఉండేది. తరువాత వచ్చిన నివేదికలు ఆ ఆశను సమర్థించలేదు. మానవ ఇన్సులిన్‌తోనూ, దాని ఆధునిక రూపాలతోనూ ఇలాంటి గడ్డలు నమోదయ్యాయి. 2009లో జపాన్ వైద్యులు వీటిని "ఇన్సులిన్ బంతి" అన్న పేరుతో లోకానికి పరిచయం చేశారు. ఎండలో, వేడిలో ఉంచిన ఇన్సులిన్ వల్ల ఇవి పెరుగుతాయని అనడానికి మాత్రం తగిన రుజువు కనిపించదు. ప్రయోగశాలలో వేడి ప్రభావం ఉన్నంత మాత్రాన చర్మం కింద కూడా అదే జరుగుతుందని అనలేము.

నిర్ధారణ పరంగా ఇన్సులిన్ గడ్డ రెండు చోట్ల దారి తప్పిస్తుంది.

మొదటిది, కొవ్వు పెరగడం వల్ల వచ్చే గడ్డ నుంచి దీన్ని విడదీయడం. కొవ్వు గడ్డ సాధారణంగా మెత్తగా ఉంటుంది. ఇన్సులిన్ అమిలాయిడ్ గట్టిగా, చేతికి బంతిలా తగులుతుంది. ఈ స్పర్శ భేదాన్ని నమ్మి ముక్క పరీక్ష మానేయవచ్చని చెప్పేంత బలమైన ఆధారం లేదు. గట్టిగా తగిలితే మాత్రం అనుమానించాలి.

రెండోది ఇంకా తీవ్రమైనది. వ్యాపక అమిలాయిడోసిస్‌ను పసిగట్టడానికి కడుపు చర్మం కింది కొవ్వును సూదితో లాగి పరీక్షించే పద్ధతి 1973 నుంచి వాడుకలో ఉంది. ఆ కొవ్వు ఇన్సులిన్ సూది వేసిన చోటి నుంచే వస్తే, కాంగో రెడ్ పట్టేది ఇన్సులిన్‌నే. అదే రోగికి వయసు వల్ల రక్తంలో ఏకరూప ప్రోటీన్ కూడా ఉంటే, పై రెండు ఫలితాలనూ కలిపి చదివినవారు ఏఎల్ అమిలాయిడోసిస్ అని రాసే అవకాశం నిజంగా ఉంది. ఆ తరువాతి దారి కీమోథెరపీ వైపు సాగుతుంది. ఇలాంటి ప్రమాదాన్ని ఎత్తిచూపిన నివేదికలు 2009 తరువాతి సాహిత్యంలో ఉన్నాయి. మాస్ స్పెక్ట్రోమెట్రీ ఆ గందరగోళాన్ని తీర్చగలదు. కానీ ఆ యంత్రం కన్నా ముందు ఒక ప్రశ్న ఉంది: "ఇన్సులిన్ ఎక్కడ వేసుకుంటున్నారు?" కొవ్వు నమూనా తీసే ముందు ప్రతి రోగినీ ఇది అడిగి, జవాబును నివేదికలో రాయడానికి ఒక్క నిమిషం చాలు. ప్రయోగశాలకు పంపే చీటీలో దీనికి ఒక గడి ఉండాలన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

చక్కెర అదుపు తప్పడానికీ ఈ గడ్డలకూ సంబంధం ఉన్నట్లు సూచించే ఆధారం కూడా ఉంది. 2014లో జపాన్ బృందం కొద్దిమంది రోగుల్లో కొలిచినప్పుడు, అమిలాయిడ్ గడ్డలో వేసిన ఇన్సులిన్ రక్తంలోకి చేరడం మామూలు చర్మం కింద వేసినప్పటితో పోలిస్తే సగటున 34 శాతమే ఉంది. కొద్దిమందిలో కొలిచిన అంకె కనుక దాన్ని కచ్చితమైన మోతాదు లెక్కగా వాడకూడదు. దాని దిశ మాత్రం స్పష్టం. గడ్డలో సూది వేస్తూ వస్తే మందు సరిగా పని చేయదు. చక్కెర తగ్గలేదని మోతాదు పెంచుకుంటూ పోతారు. ఆ తరువాత గడ్డ ఉన్న చోటు వదిలి మరోచోట అదే పెరిగిన మోతాదు వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందువల్ల సూది చోటు మార్చమని చెప్పే వైద్యుడు అదే పూట మోతాదు తగ్గించే విషయం కూడా నిర్ణయించి, మొదటి కొన్ని రోజులు గ్లూకోమీటర్‌తో తరచుగా చూసుకోమని ఇంట్లోవారికి కూడా విడమరచి చెప్పవలసి ఉంటుంది.